విషమే మందైన వేళ

ప్రపంచంలో అన్నిటికన్నా భయంకరమైన విషం ఏది అని ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు? కొందరు నాగుపాము విషం అంటారు. కొందరు పొటాషియం సయనైడ్ అంటారు. పాషాణం పేరు విన్నవారు దాని పేరు చెప్పవచ్చు. కాని అసలు జవాబు ఇవేవీ కావు.

మనకు తెలిసిన విషాలన్నిటిలోకీ తీవ్రమైనదాన్ని ఒక సూక్ష్మజీవి తయారుచేస్తుంది. దాని పేరు బొటులినం టాక్సిన్. నాగుపాము విషంతో పోలిస్తే ఇది లక్షల రెట్లు శక్తిగలది. ఒక్క గ్రాము విషాన్ని సమంగా పంచితే పది లక్షలమందికి పైగా ప్రాణాలు పోతాయని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఒక గ్రాము అంటే ఎంత? కొన్ని మిరియపు గింజలంత బరువు అనుకోండి!

ఇంతటి విషాన్ని ఈనాడు వైద్యులు సూదిలోకి ఎక్కించి మనుషుల కండరాల్లోకి పొడుస్తున్నారు. మెల్లకన్ను ఉన్నవారికి, మెడ ఒక పక్కకు తిరిగిపోయేవారికి, కాళ్ళు బిగుసుకుపోయిన పసిపిల్లలకు దీనితో చికిత్స చేస్తున్నారు. తమ ప్రమేయం లేకుండానే మాటిమాటికీ కళ్ళు ఆర్పుతూ, మెడ విదిలిస్తూ బాధపడేవారికి కూడా ఈ సూదిమందు వేస్తున్నారు. ఆ జబ్బు పేరు టిక్. అది ఎక్కువగా మీ వయసు వారిలోనే కనిపిస్తుంది.

చంపే పదార్థం బాగుచేసే పదార్థంగా ఎలా మారింది? ఈ కథకు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

సాసేజిలో దాగిన మృత్యువు

19వ శతాబ్దం మొదట్లో జర్మనీ దేశపు వుర్టెంబర్గ్ ప్రాంతంలో ఒక వింత జబ్బు కనిపించసాగింది. అక్కడి జనానికి మాంసాన్నీ, రక్తాన్నీ జంతువుల పేగుల్లో కూరి, పొగబెట్టి నిలవచేసుకుని తినడం అలవాటు. దాన్ని సాసేజి అంటారు. కొన్నిసార్లు అలాంటి సాసేజి తిన్నవారికి ముందు నోరు ఎండిపోయేది. కనురెప్పలు వాలిపోయేవి. ఒక వస్తువు రెండుగా కనిపించేది. మింగుడు పడేది కాదు. చివరకు ఊపిరి ఆడక చనిపోయేవారు. చిత్రమేమిటంటే, చివరి క్షణం దాకా తెలివి మాత్రం స్పష్టంగా ఉండేది!

జస్టినస్ కెర్నర్ అనే యువవైద్యుడు ఈ జబ్బును పట్టుదలగా పరిశీలించాడు. ఆయన వైద్యుడే కాదు, జర్మన్ భాషలో పేరున్న కవి కూడా. 1820 లో 76 మంది రోగుల వివరాలు, 1822 లో 155 మంది వివరాలు ఆయన అచ్చువేయించాడు. పాడైన సాసేజీలనుంచి సారం తీసి జంతువులకు ఎక్కించి చూశాడు. అంతటితో ఆగక, దాన్ని తన నాలుక మీదే వేసుకుని రుచి చూశాడు! ఇలాంటి సాహసం ఎవరూ చేయకూడదు. ఆయన బతికి బయటపడటం అదృష్టమనే చెప్పాలి.

కెర్నర్ రెండు గొప్ప విషయాలు గ్రహించాడు. మొదటిది, ఈ విషం మెదడును పాడుచేయదు. నరాల్లో కబురు నడవకుండా చేస్తుంది. తుప్పు పట్టిన తీగెలో విద్యుత్తు ఆగిపోయినట్టే, విషం సోకిన నరంలో పని ఆగిపోతుందని ఆయన పోల్చాడు. రెండవది ఇంకా ఆశ్చర్యకరమైనది. కొందరు రోగులకు కాళ్ళూ చేతులూ తమంతట తామే గంతులు వేస్తుంటాయి. అలాంటి అదుపులేని కదలికలకు ఈ విషాన్నే అతి కొద్ది మోతాదులో మందుగా వాడవచ్చునేమో అని ఆయన రాశాడు. సూక్ష్మజీవులు రోగాలు తెస్తాయని లోకానికి ఇంకా తెలియని రోజులవి. ఆయన ఊహ నిజం కావడానికి నూటయాభై ఏళ్ళకు పైగా పట్టింది.

అంత్యక్రియల విందు

1895 డిసెంబరులో బెల్జియం దేశంలోని ఎల్‌జెల్ అనే గ్రామంలో ఒక వృద్ధుడు చనిపోయాడు. అంత్యక్రియల్లో బ్యాండు మేళం వాయించారు. తరువాత వాయిద్యగాళ్ళు భోజనానికి కూర్చుని, నిలవచేసిన పందిమాంసం తిన్నారు. తిన్నవారు 34 మంది. వారిలో చాలామంది జబ్బుపడ్డారు. ముగ్గురు చనిపోయారు.

ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే ఆచార్యుడు ఆ మాంసాన్నీ, చనిపోయినవారి శరీర భాగాలనూ పరీక్షించాడు. ఆయన క్షయ సూక్ష్మజీవిని కనుగొన్న రాబర్ట్ కోహ్ దగ్గర శిక్షణ పొందినవాడు. రెండింటిలోనూ ఆయనకు ఒకే సూక్ష్మజీవి దొరికింది. 1897 లో ఆ సంగతి ప్రకటించాడు. లాటిన్ భాషలో సాసేజిని బొటులస్ అంటారు. ఆ మాటనుంచే సూక్ష్మజీవికి పేరు వచ్చింది. ఈనాడు దాన్ని క్లాస్ట్రీడియం బొటులినం అంటున్నాం.

ఈ సూక్ష్మజీవి మట్టిలో ఉంటుంది. దీనికి ప్రాణవాయువు గిట్టదు. గాలి తగిలే చోట గట్టి పెంకులాంటి కవచం కప్పుకుని, సిద్ధబీజంగా ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. గాలి లేని చోటు, తగిన తేమ, ఆహారం దొరికితే నిద్ర లేస్తుంది. అప్పుడే విషం తయారుచేస్తుంది. సరిగా వేడిచేయకుండా మూతవేసిన డబ్బాలు దీనికి చక్కని ఇల్లు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. మన ఇళ్ళలో ఆవకాయ జాడీలో ఏడాది పొడుగునా ఉంటుంది కదా! పైన నూనె తేలుతుంది. నూనె కింద గాలి ఉండదు. మరి ఈ సూక్ష్మజీవి అందులో ఎందుకు పెరగదు? మామిడికాయ పులుపే దానికి శత్రువు. ఆమ్లగుణం ఎక్కువగా ఉన్న చోట, అంటే పి.హెచ్. 4.6 కంటే తక్కువ ఉన్న చోట, ఇది పెరగలేదు. పులుపుకు తోడు దండిగా ఉప్పు. ఊరగాయను కాపాడేవి ఈ రెండే గాని నూనె ఒక్కటే కాదు. పులుపు లేకుండా ఉత్త నూనెలో నిలవవేసిన వెల్లుల్లి తిని 1985 లో కెనడాలోని వాంకోవర్ నగరంలో చాలామంది ఈ జబ్బు పడ్డారు.

ఇంకో మాట. ఈ విషాన్ని 85 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అయిదు నిమిషాలు ఉంచితే విరిగిపోతుంది. సిద్ధబీజాలు మాత్రం మరిగే నీటిలోనూ చావవు. వాటికి ప్రెషర్ కుక్కరు వంటి పాత్రలో 121 డిగ్రీల వేడి కావాలి. తేనెలో ఒక్కొక్కప్పుడు ఈ బీజాలు ఉంటాయి. మనం తింటే ఏమీ కాదు. ఏడాది నిండని పసిబిడ్డ పేగుల్లో మాత్రం అవి మొలకెత్తి విషం పుట్టించగలవు. ఈ సంగతి 1976 లో అమెరికాలో బయటపడింది. అందుకే పురిటిబిడ్డకు తేనె నాకించవద్దని వైద్యులు చెబుతారు. మీ ఇంట్లో ఆ అలవాటు ఉంటే పెద్దలకు ఈ మాట చెప్పండి.

కండరానికి కబురు ఎలా అందుతుంది?

విషం ఏం చేస్తుందో తెలియాలంటే ముందు కండరం ఎలా కదులుతుందో తెలియాలి.

మీరు చెయ్యి ఎత్తాలనుకున్నారు. మెదడునుంచి ఆజ్ఞ వెన్నుపాముకు, అక్కడినుంచి నరంగుండా చేతి కండరం దాకా విద్యుత్ సంకేతంగా పరుగెత్తుతుంది. కాని నరం చివర కండరానికి తగలదు! రెండింటికీ నడుమ మిల్లీమీటరులో ఇరవైవేల వంతు ఎడం ఉంటుంది. విద్యుత్ సంకేతం ఈ ఎడాన్ని దాటలేదు. ఏటి ఒడ్డుకు వచ్చి ఆగిన బండి లాంటిది దాని పరిస్థితి. సరుకును పడవలోకి ఎక్కించాలి.

ఆ పడవ పని చేసేది ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం. నరం చివర వేలకొద్దీ చిన్న చిన్న సంచులుంటాయి. వాటి నిండా ఈ రసాయనమే. సంకేతం రాగానే సంచులు నరపు గోడకు అతుక్కుని పగులుతాయి. రసాయనం అవతలికి చేరి కండరాన్ని తాకుతుంది. కండరం ముడుచుకుంటుంది.

మరి సంచి గోడకు ఎలా అతుక్కుంటుంది? సంచిమీదా, గోడమీదా కొక్కేల్లాంటి మాంసకృత్తులున్నాయి. కొక్కెం కొక్కెం పెనవేసుకుని సంచిని గోడ దగ్గరకు లాగుతాయి. కణాల్లో సంచుల ద్వారా సరుకు ఎలా చేరుతుందో వివరించినందుకే 2013 లో జేమ్స్ రోత్‌మన్, రాండీ షెక్‌మన్, థామస్ సుడాఫ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చింది.

బొటులినం విషం సరిగ్గా ఈ కొక్కేలమీదే దెబ్బకొడుతుంది. విషపు అణువులో రెండు భాగాలున్నాయి. పెద్ద భాగం తాళంచెవి లాంటిది. అది నరం చివరను గుర్తుపట్టి లోపలికి దారి చేస్తుంది. చిన్న భాగం కత్తెర లాంటిది. అది లోపల చేరి కొక్కేన్ని కత్తిరిస్తుంది. ఇక సంచులు గోడకు అతుక్కోలేవు. కబురు ఆగిపోతుంది. కండరం మెత్తబడుతుంది. ఊపిరి తీసే కండరాలకే ఈ గతి పడితే మనిషి చనిపోతాడు.

ఇందులో ఒక మంచి గుణం దాగి ఉంది, గమనించారా? విషం నరాన్ని చంపడం లేదు. కండరాన్ని కోయడం లేదు. కబురు మాత్రం ఆపుతోంది. నరం కొద్ది వారాల్లో కొత్త మొలకలు వేస్తుంది. తరువాత పాత కొస కూడా కొత్త కొక్కేలు తయారుచేసుకుని పనిలోకి వస్తుంది. సుమారు మూడు నెలలకు అంతా యథాప్రకారం అవుతుంది. అంటే ఈ విషం ఒక కండరానికి మూడు నెలల సెలవు ఇవ్వగలదన్నమాట. సెలవు అవసరమైన కండరం దొరికితే విషమే మందు!

మెల్లకంటితో మొదలు

ఈ ఆలోచనను ఆచరణలో పెట్టినవాడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు కంటివైద్యుడు అలన్ స్కాట్. కనుగుడ్డును అటూ ఇటూ తిప్పడానికి ఒక్కొక్క కంటికి ఆరు కండరాలున్నాయి. వాటిలో ఒకటి ఎక్కువ బలంగా లాగితే మెల్లకన్ను వస్తుంది. శస్త్రచికిత్స చేయకుండా ఆ కండరాన్ని మెత్తబరచే మందు ఏదైనా ఉందా అని ఆయన వెదికాడు. ఎడ్వర్డ్ షాంట్జ్ అనే శాస్త్రజ్ఞుడు శుద్ధిచేసిన బొటులినం విషాన్ని ఆయనకు పంపాడు. కోతులమీద చేసిన ప్రయోగాల ఫలితాలను స్కాట్ 1973 లో, మనుషులమీద చేసిన చికిత్స ఫలితాలను 1980 లో ప్రకటించాడు. 1989 లో అమెరికా ప్రభుత్వం మెల్లకంటికీ, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకూ దీన్ని మందుగా ఒప్పుకుంది. ముఖం మీద ముడతలు పోగొట్టే మందుగా బొటాక్స్ పేరు మీరు విని ఉండవచ్చు. అది ఈ విషమే. ముడతల సంగతి తరువాత బయటపడింది. మొదట అది జబ్బులకే మందు.

మోతాదు ఎంత? వంద యూనిట్లున్న బొటాక్స్ బుడ్డిలో అసలు విషం ఒక నానోగ్రాముకు మించదు. ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోగ్రాము. అంత కొద్ది పదార్థాన్ని ఏ త్రాసూ రోజువారీ పనిలో తూచలేదు. అందుకే దాన్ని బలంతో కొలుస్తారు. తెల్ల చిట్టెలుకల గుంపులో సగం చనిపోవడానికి కావలసినంత విషం ఒక యూనిట్. ఇప్పుడు చిట్టెలుకల బదులు గాజుపాత్రలో పెంచిన కణాలమీద పరీక్షించే పద్ధతి కూడా వచ్చింది.

టిక్ అంటే ఏమిటి?

ఇక టిక్ సంగతికి వద్దాం. ముందు ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. గడియారం ఎదుట కూర్చుని, రెప్ప వేయకుండా ఒకే చోటికి చూడండి. మొదట సులభంగానే ఉంటుంది. కాసేపటికి కళ్ళలో మంట మొదలవుతుంది. రెప్ప వేయాలనే ఒత్తిడి పెరుగుతూ పోతుంది. పళ్ళు బిగించి కొంతసేపు ఆపగలరు. చివరకు ఆపలేరు. రెప్ప పడగానే ఎంత హాయిగా ఉంటుందో కదూ!

టిక్ ఉన్నవారి అనుభవం కొంచెం ఇలాంటిదే. ముందు ఒక చోట దురదో, బిగువో, చెప్పలేని ఒత్తిడో పుడుతుంది. దాన్ని దించుకోవడానికి కళ్ళు ఆర్పుతారు, ముక్కు ఎగబీలుస్తారు, భుజం ఎగరేస్తారు, మెడ విదిలిస్తారు. క్షణం హాయి. మళ్ళీ ఒత్తిడి. కొందరు గొంతు సవరించడం, చిన్నగా అరవడం వంటి శబ్దాలు చేస్తారు. అవి గొంతు టిక్కులు.

కదలిక టిక్కులు చాలా, గొంతు టిక్కు కనీసం ఒకటి ఉండి, ఏడాదికి మించి కొనసాగితే దాన్ని టూరెట్ జబ్బు అంటారు. జార్జ్ జిల్ ద లా టూరెట్ అనే ఫ్రెంచి వైద్యుడు 1885 లో తొమ్మిదిమంది రోగుల వివరాలు రాశాడు. ఆయన పేరే జబ్బుకు నిలిచింది.

టిక్కులు సాధారణంగా అయిదు నుంచి ఏడేళ్ళ వయసులో మొదలవుతాయి. పది, పన్నెండేళ్ళ మధ్య బాగా ముదురుతాయి. తరువాత చాలామందిలో తగ్గుముఖం పడతాయి. వెయ్యిమంది బడిపిల్లల్లో ముగ్గురు నుంచి ఎనిమిదిమందికి టూరెట్ జబ్బు ఉంటుందని అంచనా. ఆడపిల్లలకన్నా మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కొద్ది నెలలు కనిపించి తమంతట తామే పోయే టిక్కులు ఇంకా ఎంతోమందిలో ఉంటాయి.

ఇది దెయ్యమూ కాదు, దిష్టీ కాదు. కావాలని చేసే కోతిచేష్ట అంతకన్నా కాదు. మెదడు లోపల బేసల్ గాంగ్లియా అనే నాడీకణాల ముద్దలున్నాయి. అవి కాపలావాడిలా అవసరమైన కదలికను పంపి, అక్కరలేనిదాన్ని ఆపుతుంటాయి. టిక్ ఉన్నవారిలో ఈ కాపలా కొంత సడలుతుంది. తెలివితేటలకు ఇందులో లోపమేమీ లేదు.

లోపం మెదడులో, సూది కండరంలో!

టిక్ పుట్టేది మెదడులో అయితే మెడలోనో, కనురెప్పలోనో సూది వేసి లాభమేమిటి? ఈ ప్రశ్న మీకు వచ్చి ఉంటే మీది శాస్త్రజ్ఞుడి బుర్రే.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జోసెఫ్ జాంకోవిక్ అనే నాడీవైద్యుడు 1994 లో పదిమంది టిక్ రోగులకు ఈ సూదిమందు వేసిన ఫలితాలు ప్రకటించాడు. కదలికలు తగ్గాయి. అది ఊహించినదే, కండరం మెత్తబడింది కదా! ఊహించనిది మరొకటి. కదలికకు ముందు వచ్చే ఆ ఒత్తిడి కూడా తగ్గిందని రోగులు చెప్పారు. 2000 లో ఆయన బృందమే 35 మంది వివరాలు ప్రకటించింది. ఒత్తిడి స్పష్టంగా ఉన్న 25 మందిలో 21 మందికి అది బాగా తగ్గింది. సూది ఫలితం సగటున పద్నాలుగు వారాలు నిలిచింది.

ఇది ఎలా సాధ్యం? కండరంనుంచి మెదడుకు కూడా కబుర్లు వెళుతుంటాయి. కండరం ఎంత సాగింది, ఎంత బిగిసింది అని తెలిపే సూక్ష్మ పరికరాలు కండరంలోనే ఉన్నాయి. సూదిమందు వాటినీ శాంతపరుస్తుంది. మెదడుకు వచ్చే కబురు తగ్గితే ఒత్తిడీ తగ్గవచ్చునని శాస్త్రజ్ఞుల వివరణ. ఇది ఇంకా పూర్తిగా రుజువు కాలేదు.

సూది వేసిన కొద్ది రోజులకు ఫలితం మొదలవుతుంది. ముఖానికి కొన్ని పదుల యూనిట్లు సరిపోతాయి. మెడ కండరాలు పెద్దవి కనుక వందకు పైన కావాలి. మూడు నెలల తరువాత ప్రభావం తగ్గుతుంది. అవసరమైతే మళ్ళీ వేస్తారు.

నిజంగా పనిచేస్తుందా?

రోగి బాగుందన్నంత మాత్రాన మందు పనిచేసినట్టు కాదు. టిక్కులకు ఒక స్వభావం ఉంది. అవి కొన్ని వారాలు పెరుగుతాయి, కొన్ని వారాలు తగ్గుతాయి. బాగా పెరిగినప్పుడే ఎవరైనా వైద్యుడి దగ్గరకు వెళతారు. ఆ తరువాత మందు వేసినా వేయకపోయినా కొంత తగ్గడం సహజం. తగ్గింది మందు వల్లనా, స్వభావం వల్లనా?

దీన్ని తేల్చడానికి కెనడాలో ఒక పరీక్ష జరిపి 2001 లో ఫలితాలు ప్రకటించారు. 18 మంది రోగులు. ప్రతివారికీ ఒకసారి అసలు మందు, మరొకసారి ఉత్త ఉప్పునీరు వంటి పనిచేయని ద్రవం సూదితో ఇచ్చారు. ఏది ఎప్పుడు ఇచ్చారో రోగికీ తెలియదు, టిక్కులు లెక్కపెట్టేవారికీ తెలియదు. అసలు మందు వేసినప్పుడు సూది పడిన చోట టిక్కులు నిమిషానికి 39 శాతం తగ్గాయి. ఉత్త ద్రవానికి తగ్గలేదు సరికదా, సుమారు 6 శాతం పెరిగాయి. ముందు వచ్చే ఒత్తిడి కూడా మందుతో తగ్గింది.

అయితే కథలో ఒక మెలిక ఉంది. మొత్తంమీద మీకు మేలు జరిగిందా అని అడిగితే రోగులు అంతగా ఏమీ లేదన్నారు! కారణం ఊహించవచ్చు. సూది ఒక టిక్కునే తగ్గిస్తుంది. అయిదారు టిక్కులున్న మనిషికి ఒకటి తగ్గితే పెద్ద ఊరట కలగదు. లెక్కలో కనిపించే మేలు వేరు, జీవితంలో అనుభవించే మేలు వేరు. మంచి పరీక్ష రెండింటినీ అడుగుతుంది.

ఇలాంటి పరీక్షలు ఎక్కువగా జరగలేదు. అందువల్ల రుజువు బలంగా లేదని 2018 లో ఒక అంతర్జాతీయ సమీక్ష చెప్పింది. 2019 లో అమెరికా నాడీవైద్యుల సంఘం మధ్యేమార్గం చెప్పింది. ఒకే చోట ఉండి బాగా బాధపెట్టే టిక్కు అయితే, కౌమారంలో ఉన్నవారికీ, పెద్దలకూ ఈ సూది వాడవచ్చునంది.

ఎవరికి, ఎప్పుడు?

ఈ సూది ఎక్కువగా ఎవరికి పనికివస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఒక్క టిక్కే ప్రాణం తీస్తున్నవారికి. కొందరు మెడను కొరడా విసిరినట్టు విదిలిస్తారు. రోజుకు వందలసార్లు, ఏళ్ళ తరబడి అలా జరిగితే మెడ ఎముకలు అరిగి, లోపలున్న వెన్నుపాము నలిగిపోవచ్చు. అలా కాళ్ళూ చేతులూ పడిపోయిన రోగుల వివరాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. అలాంటి మెడకు మూడు నెలల విశ్రాంతి ఇవ్వగల సూది చిన్న విషయం కాదు. అక్కడ విషాన్ని చూసి భయపడటంకన్నా, వెన్నుపామును తలచి భయపడటం తెలివైన పని.

కాని కష్టాలూ ఉన్నాయి. కనురెప్పలో వేసిన మందు పక్కకు జారితే రెప్ప కొన్ని వారాలు వాలిపోతుంది. మెడలో వేస్తే తల నిలపడం కష్టం కావచ్చు. మింగడం ఇబ్బంది కావచ్చు. అరుపుల టిక్కులకు స్వరతంత్రుల్లో వేస్తే గొంతు సన్నబడి, మాట గుసగుసలా వస్తుంది. మోతాదు మించితే, మందు దూరంగా పాకితే ఊపిరికే ప్రమాదం. అందుకే శిక్షణ పొందిన నాడీవైద్యులే దీన్ని వేయాలి. పైగా వెల ఎక్కువ, మూడు నెలలకోసారి మళ్ళీ వేయించుకోవాలి.

అందువల్ల పిల్లలకు మొదటి చికిత్స సూది కాదు. చాలామందికి ఏ మందూ అక్కరలేదు. అక్కరపడినవారికి ముందుగా నేర్పేది ఒక అభ్యాసం. ఒత్తిడి రాగానే దాన్ని గుర్తుపట్టి, టిక్కుకు ఎదురుగా ఉండే మరో చిన్న కదలికను పట్టి ఉంచడం. మెడ విదిలించే పిల్లవాడు గడ్డం కొద్దిగా దించి, మెడను మెల్లగా బిగించి, ఒత్తిడి పోయేదాకా ఆగుతాడు. అమెరికాలో 126 మంది పిల్లలకు పది వారాలపాటు చికిత్స చేసి 2010 లో ఫలితాలు ప్రకటించారు. ఈ అభ్యాసం నేర్చినవారిలో సగానికి పైగా బాగుపడ్డారు. ఓదార్పు మాటలు, సలహాలు మాత్రమే పొందినవారిలో బాగుపడినవారు అయిదోవంతు కూడా లేరు. అభ్యాసం చాలకపోతే నోటి మాత్రలు. ఒక టిక్కు మరీ మొండికేస్తే అప్పుడు సూది.

మన చేతిలో ఉన్న మందు

టిక్కులకు మరో విచిత్రగుణం ఉంది. ఎవరైనా వేలెత్తి చూపితే అవి పెరుగుతాయి. భయం, అవమానం, అలసట వాటికి ఎరువు. ఇష్టమైన పనిలో మనసు పూర్తిగా లగ్నమైనప్పుడు అవి తగ్గుతాయి. తరగతిలో ఒక పిల్లవాడు బలవంతాన గంటసేపు టిక్కును ఆపుకోగలడు. కాని అప్పుడు పాఠం బుర్రకెక్కదు. రెప్ప ఆపిన ఆ కొద్ది సేపట్లో మీరు మరేమైనా ఆలోచించగలిగారా? గుర్తు చేసుకోండి.

మరి అలాంటివాణ్ణి వెక్కిరిస్తే ఏమవుతుంది? టిక్కు పెరుగుతుంది. బెత్తంతో కొడితే ఏమవుతుంది? ఇంకా పెరుగుతుంది. చూసీ చూడనట్టు ఊరుకుని, మామూలుగా ఆటలోకి పిలిస్తే? తగ్గే అవకాశం ఉంది. దీనికి సూది అక్కరలేదు, యూనిట్ల లెక్కా అక్కరలేదు. మీ బడిలో అలాంటి స్నేహితుడు ఉంటే అతనికి ఇది మీరే ఇవ్వగలరు. టిక్కు నిజంగా బాధపెడుతుంటే పిల్లల వైద్యుడికో, నాడీవైద్యుడికో చూపించమని అతని ఇంట్లోవారికి చెప్పవచ్చు.

మోతాదునుబట్టే ఏ పదార్థమైనా విషమవుతుందని 16వ శతాబ్దపు వైద్యుడు పారాసెల్సస్ చెప్పాడు. బొటులినం కథ ఆ మాటకు ఇంకొకటి కలిపింది. మోతాదు ఒక్కటే చాలదు. ఏ చోట వేస్తున్నామో తెలియాలి, ఎందుకు వేస్తున్నామో తెలియాలి, వేసిన తరువాత నిజంగా మేలు జరిగిందో లేదో నిజాయితీగా లెక్క చూడాలి. ఈ మూడూ తెలిసినవారి చేతిలో సాసేజిలోని మృత్యువు ఒక పిల్లవాడి మెడను కాపాడే కావలి అయింది.